మాస్టారికి శాలువా కాదు, శిష్యుణ్ణి ఇవ్వండి
మన సంఘ కమిటీకి బహిరంగ లేఖ

అయ్యగారికి, కమిటీ సెక్రటరీ గారికి, ట్రెజరర్ గారికి, మిగతా పెద్దలందరికీ వందనాలు.

సంఘ వార్షికోత్సవం రోజున ఆర్గాన్ మాస్టారిని సన్మానించాలని మీరు తీర్మానం చేసినట్టు ఆదివారం ప్రకటనల్లో విన్నాం. శాలువా, జ్ఞాపిక, ఒక కవరు. సంతోషం. అదే మీటింగులో ఇంకో రెండు తీర్మానాలు జరిగాయని, వాటిని మాత్రం ప్రకటనల్లో చదవలేదని తర్వాత తెలిసింది. ఒకటి, శనివారం సాయంత్రాలు ఆయన పిల్లలకు పాట నేర్పే వెనక గదిని లైవ్ టెలికాస్ట్ సామాన్ల కోసం మీడియా రూముగా మార్చడం. రెండోది, అదే గదిలో ఉన్న పాత తొక్కుడు ఆర్గాన్‌ని పనికిరాని సామాన్ల జాబితాలో రాసి అమ్మెయ్యడం. మూడూ కలిపి చూస్తే పెద్దాయన్ని మర్యాదగా సాగనంపే ఏర్పాటులా ఉంది తప్ప సన్మానంలా లేదు. మీరు అలా అనుకుని చేశారని నేననడం లేదు. చూసేవాళ్ళకి అలాగే కనిపిస్తోంది.

ఈ మాటలు కమిటీ గదిలోనే చెప్పొచ్చు కదా అని మీరు అడగొచ్చు. చెప్పొచ్చు. కానీ మాస్టారి దగ్గర నేర్చుకున్నవాళ్ళలో చాలామందికి మన చర్చిలో సభ్యత్వం లేదు. గుడి వీధి కంసాలి గారి అమ్మాయి, మసీదు పక్క సైకిల్ షాపు అబ్బాయి, ఇప్పుడు హైదరాబాద్‌లో పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తున్న కుర్రాడు, డల్లాస్‌లో తెలుగు క్వయర్ (పాటల బృందం) నడుపుతున్న మన పాత సండే స్కూల్ పిల్ల. వీళ్ళెవరికీ మన జనరల్ బాడీలో ఓటు లేదు. ఆ గది మాత్రం వాళ్ళది కూడా. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

కమిటీలో కొత్తగా వచ్చినవాళ్ళకి ఆయన సంగతి పూర్తిగా తెలియకపోవచ్చు. కరెంటాఫీసులో గుమాస్తాగా చేరిన కొత్తలో ఆర్గాన్ ముందు కూర్చున్నారు. ఉద్యోగం రిటైరైంది కానీ ఆ స్టూలు మీంచి ఆయన లేవలేదు. మొత్తం నలభై ఏళ్ళు దాటింది. ఆయనకి నేర్పింది బిట్రగుంట రైల్వే కాలనీలో ఉండే ఒక ఆంగ్లో ఇండియన్ ఆవిడ, ఇంజన్ డ్రైవర్ గారి భార్య. స్టీము ఇంజన్ల రోజుల్లో బిట్రగుంట లోకో షెడ్డు చుట్టూ అలాంటి కుటుంబాలు ఉండేవి. ఆవిడ పైసా తీసుకోకుండా నేర్పిందట, ఒక్క షరతు మీద: నువ్వూ ఎవరి దగ్గరా తీసుకోకుండా నేర్పాలి. ఆ మాటని ఈయన ఇంత గట్టిగా, ఇన్నేళ్ళు పట్టుకుంటారని పాపం ఆవిడ అనుకుని ఉండదు.

జీతం లేదు. గౌరవ వేతనం లేదు. పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకు తరఫువాళ్ళు చేతిలో పెట్టే కవర్లని విప్పకుండానే క్వయర్ డబ్బాలో వేసేస్తారు. పాటల పుస్తకాలు, జిరాక్సులు, క్రిస్మస్ రిహార్సల్స్‌లో టీలు, సమోసాలు అన్నీ ఆ డబ్బాలోంచే. మన సంఘం సంగీతం మీద ఎంత ఖర్చు పెట్టిందో తెలుసుకోవాలంటే ఆడిట్ రిపోర్టు తిరగేస్తే దొరకదు. అది ఎప్పుడూ ఆ డబ్బాలోనే ఉంది.

ఆదివారం ఆరాధన ఒక్కటే అయితే తేలికే. క్రిస్మస్‌కి ముందు వచ్చే అడ్వెంట్ వారాలు మొదలైతే రాత్రిళ్ళు క్యారల్ రౌండ్లు, క్రిస్మస్ తెల్లవారుజాము ఆరాధన, డిసెంబర్ 31 రాత్రి వాచ్‌నైట్, ఈస్టరుకి ముందు లెంటు ఉపవాస దినాల్లో శుక్రవారం కూడికలు, గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం మూడు గంటల సేపు సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ధ్యానం, ఈస్టరు నాడు చీకటితోనే సమాధుల తోటలో పాటలు, కోత పండుగ, మే నెల ఎండల్లో వీబీఎస్ (సెలవుల బైబిలు బడి) పిల్లలు. మధ్యలో పెళ్ళిళ్ళు. పెళ్ళికూతురి కారు పంచరై గంటన్నర ఆలస్యమైతే ఆ గంటన్నరా జనం విసుక్కోకుండా ఏదో ఒకటి వాయిస్తూ కూర్చోవాలి. ఇది ఏ మ్యూజిక్ స్కూల్లోనూ నేర్పరు. ఇక చావులు. వాటికి ముందస్తు నోటీసు ఉండదు. ఆయన క్యాజువల్ లీవులన్నీ మన ఇళ్ళ చావులకే అయిపోయేవని, సొంత పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్ళడానికి ఏమీ మిగిలేవి కావని వాళ్ళావిడ ఒకసారి నవ్వుతూ అన్నారు. ఆ మాటకి మేం మాత్రం నవ్వలేకపోయాం.

ఆరాధనలో ఆయన ఏం చేస్తున్నారో చాలామందికి తెలీదు. ఇంగ్లీషు హిమ్‌ (స్తుతి పాటల) పుస్తకాల్లో పాటలు మనవాళ్ళకి ఎత్తుగా ఉంటాయి. పొద్దున్నే గొంతు విప్పని జనం అంత పైకి పోలేరు. అందుకని ఆయన పాటని కొంచెం దించి వాయిస్తారు, సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్ నాలుగు గొంతుకల స్వరాలూ అప్పటికప్పుడు తలలోనే మార్చుకుంటూ. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కితే అయిపోయే పని కదా అంటారు మన యూత్. దించడం వరకూ నిజమే. కానీ వెనక బెంచీల్లో ముసలివాళ్ళు చరణం చివర ఊపిరి తీసుకునే దాకా ఆగి, అప్పుడు తర్వాతి చరణం ఎత్తుకోవడం, చావు ఇంట్లో పాడేవాళ్ళ గొంతు పూడుకుపోతే వరసని తనే గట్టిగా పట్టుకుని నడిపించడం, వాళ్ళు తేరుకోగానే మళ్ళీ తగ్గిపోవడం, ఇవి చెవి పెట్టి వినేవాడు ఉంటేనే జరుగుతాయి. రికార్డు చేసిన ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు.

ఇప్పుడు మీ పనికిరాని సామాను సంగతి. గుంటూరులో లూథరన్లు, నెల్లూరు, ఒంగోలులో బాప్టిస్టులు అమెరికా నుంచి వచ్చిన మిషన్లు కాబట్టి, ఈ జిల్లాల పాత చర్చిల్లో అమెరికన్ రకం రీడ్ ఆర్గాన్లు, అంటే గాలి తగిలితే పలికే సన్నటి ఇత్తడి రేకులు ఉన్నవి, కనిపిస్తాయి. పారిస్‌లో డెబాన్ అనే ఆయన హార్మోనియంకి పేటెంటు తీసుకున్నది 1842లో. లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరు చేరింది కూడా ఆ ఏడే. పైప్ ఆర్గాన్‌ని ఓడలో తెచ్చి నిలబెట్టడం మద్రాసు లాంటి చోట్ల కుదిరింది. మన ఊళ్ళకి కుదిరింది కాళ్ళతో తొక్కే ఈ పెట్టే. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని బ్రాటిల్‌బరో అనే చిన్న ఊళ్ళో ఎస్టీ కంపెనీ ఒక్కటే ఇలాంటివి ఐదు లక్షలకు పైగా చేసింది. 1960లో ఆ కంపెనీ మూతపడింది. స్పేర్ పార్టులు అప్పట్నించీ లేవు. మరి మనది ఇన్నేళ్ళు ఎలా పలికింది?

మామూలు హార్మోనియం గాలిని రీడ్ల మీదికి నెడుతుంది. ఈ అమెరికన్ రకం లోపలికి పీలుస్తుంది. రెండు కాళ్ళతో తొక్కుతుంటే లోపలి తిత్తులు గాలిని లాగేస్తాయి, మెట్టు (కీ) నొక్కినప్పుడు బయటి గాలి ఇత్తడి రీడు మీదుగా లోపలికి పోతూ దాన్ని పలికిస్తుంది. అంటే గదిలో ఉన్న దుమ్మంతా నేరుగా రీడ్లలోకి పోతుందన్నమాట. వానాకాలం చెక్క ఉబ్బి మెట్లు పైకి లేవవు. ఎలుకలకి తిత్తుల గుడ్డంటే మహా ఇష్టం. మాస్టారు ఏటా వేసవిలో పాత చాప పరిచి, దాని మీద రీడ్లన్నీ వరసగా పెట్టుకుని, మెత్తటి బ్రష్‌తో తుడిచి, శ్రుతి తప్పినవాటిని సరిచేసేవారు. రీడు కొనని కొద్దిగా గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. ఒక వెంట్రుకవాసి ఎక్కువ గీకామంటే రీడు పోయినట్టే. ఈ విద్య ఆయనకి చెప్పింది చర్చి మనిషి కాదు, పద్య నాటకాలకి హార్మోనియం వాయించే ఒక పెద్దాయన. రాత్రంతా నాటకంలో రాగాలు తీసి, పొద్దున బస్సు దిగి నేరుగా మన చర్చికి వచ్చి, గుమ్మం మెట్ల మీద కూర్చుని ఇద్దరూ రీడ్లు గీక్కునేవాళ్ళు. మన ఊళ్ళో సంగీతం ఇలాగే బతికింది. ఎవరు ఏ మతం అని ఆ రీడ్లు అడగలేదు.

ఆ ఆర్గాన్ పలకడం మానేసి కొన్నేళ్ళయిందన్నది నిజం. తిత్తులు చిరిగాయి. రీడ్లు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. తిత్తులకి కొత్త గుడ్డ, తోలు వేయించడం చేతకాని పని కాదు, మనం కొనబోతున్న ఎల్ఈడీ తెర ఖర్చుతో పోలిస్తే పెద్ద ఖర్చూ కాదు. పాత సామాన్ల షాపువాడు దాన్ని కొనేది టేకు చెక్క కోసం. ఆ సంగతి తెలిసే అమ్ముతున్నారా?

అసలు నేను చెప్పాల్సింది ఇంకా మొదలుపెట్టలేదు.

మన కీర్తనల పుస్తకం తెరిచి చూడండి. పాట పైన రాగం పేరు, తాళం పేరు అచ్చయి ఉంటాయి. కింద సాహిత్యం. వరస మాత్రం ఉండదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) గారి కాలం నుంచి మన కీర్తనలు కర్ణాటక రాగాల్లో కట్టినవే. వాటిని ఎలా పాడాలన్నది ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి వస్తూ ఇంత దూరం వచ్చింది. అందుకే ఒకే కీర్తనకి ఊరికో వరస ఉంటుంది. పెద్దలు పోతే వాళ్ళతో పాటు ఆ వరసా పోతుంది. పుస్తకంలో పాట ఉంటుంది, పాడేవాళ్ళు ఉండరు. ఆదివారం ఎప్పుడైనా గమనించారా? మన పుస్తకంలో వందల కీర్తనలు ఉంటే, మనం తిప్పి తిప్పి పాడేది ఓ ముప్పై నలభై. మిగతావి మనకి నచ్చక వదిలేసినవి కావు. వరస తెలిసినవాళ్ళు లేక ఆగిపోయినవి.

మాస్టారి దగ్గర పొడుగాటి లెడ్జరు పుస్తకాలు ఉన్నాయి. ఒక పేజీలో స రి గ మ లతో వరస, ఎదురు పేజీలో ఆ పాటని నాలుగు గొంతుకలతో పాడించాలంటే ఎలాగో టానిక్ సోల్‌ఫా (డో, రే, మీ స్వరాలని రాసే ఇంగ్లీషు పద్ధతి) అక్షరాల్లో. సెలవు దొరికిన ఆదివారం సాయంత్రాలు ఆయన చుట్టుపక్కల పల్లె చర్చిలకి సైకిల్ మీద పోయి, అక్కడ అవ్వల చేత, తాతల చేత పాడించుకుని రాసుకున్నవి అవి. మార్జిన్‌లో ఏ పల్లె, ఎవరు పాడారు, రెండో చరణంలో వాళ్ళు ఎక్కడ మార్చారు అన్నీ ఉంటాయి. ఈ పనికి ఆయన్ని ఎవరూ పంపలేదు. ఆ పాడిన అవ్వల్లో చాలామంది ఇప్పుడు లేరు. కొన్ని వరసలు ఈ భూమ్మీద ఆ లెడ్జర్లలోనూ, ఆయన వేళ్ళలోనూ తప్ప ఎక్కడా లేవు. నలభై ఏళ్ళ సేవ అని మీరు సన్మాన పత్రంలో రాయించబోతున్నారు. రాయించండి. అందులో ఈ లెడ్జర్ల మాట ఉంటుందా?

కీర్తన వాయించేటప్పుడు ఆయన చెయ్యి చూడాలి. మెట్ల పెట్టెలో స్వరం ఎక్కడుంటే అక్కడే బిగుసుకుని ఉంటుంది. తోడి రాగంలో గాంధారం (గ స్వరం) ఊగమంటే ఊగదు. ఈ లోపం వల్లనే ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని స్టూడియోల నుంచి వెలేసి, 1971 దాకా లోపలికి రానివ్వలేదు. వాళ్ళు చెప్పింది తప్పేం కాదు అంటారు మాస్టారు, తన వాయిద్యం మీద తనే తీర్పు చెప్పినట్టు. అందుకే కీర్తన రాగానే ఆయన ఎడమ చెయ్యి కార్డ్స్ (ఒకేసారి నొక్కే స్వరాల గుంపులు) మానేసి, షడ్జమ పంచమాలు (స, ప) మాత్రం పట్టుకుని ఊరుకుంటుంది. కుడి చెయ్యి వరస నడిపిస్తూ, గమకం (స్వరం ఊగడం) రావాల్సిన చోట మెట్టు వదిలేసి తప్పుకుంటుంది. ఆ ఖాళీలో స్వరాన్ని జనం గొంతులు ఊపుకుంటాయి. హిమ్‌ వచ్చినప్పుడు అవే చేతులు మళ్ళీ నిండుగా నాలుగు స్వరాలు పలికిస్తాయి. ఒకే ఆరాధనలో రెండు సంగీతాలు, రెండింటికీ వాటి మర్యాద వాటికి ఇస్తూ. ఇప్పుడు బయట నుంచి వచ్చే కీబోర్డు అబ్బాయి చేతిలో మోహన రాగానికీ ఆనందభైరవికీ ఒకటే రిథమ్, ఒకటే కార్డ్స్ పడుతున్నాయి. వినడానికి హుషారుగానే ఉంటుంది. రెండూ ఒకేలా వినిపిస్తాయి, అంతే.

శనివారం క్లాసు సంగతి కూడా చెప్పాలి. ఐదింటికి మొదలు. చెప్పులు బయట విప్పి, ముందు అరగంట ఏ వాయిద్యమూ లేకుండా గొంతుతోనే పాడాలి. ఇంగ్లండులో జాన్ కర్వెన్ ప్రచారం చేసిన టానిక్ సోల్‌ఫా పద్ధతిలో ఐదు గీతల నొటేషన్ అక్కర్లేదు, అక్షరాలూ చుక్కలూ చాలు, ఏ చిన్న ప్రెస్సులోనైనా అచ్చవుతుంది. 'డో' ని ఏ శ్రుతిలోనైనా పెట్టుకోవచ్చు. మన షడ్జమం అంతే కదా. అందుకే కంసాలి గారి అమ్మాయి, అప్పటికే సరళీ స్వరాలు నేర్చుకున్న పిల్ల, మా అందరికంటే ముందు దాన్ని పట్టేసింది. లండన్ ట్రినిటీ కాలేజీ గ్రేడు పరీక్షలకి కొంతమందిని తయారుచేసి పంపారు. ఫీజు కట్టలేని వాళ్ళకి ఎవరు కట్టారో మాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు, మేం అడగలేదు. ఊళ్ళో అన్ని చర్చిలూ కలిసి చేసే యునైటెడ్ క్రిస్మస్‌కి ఉమ్మడి క్వయర్ తయారుచేసేది ఆయనే. గవర్నమెంటు హైస్కూలు వార్షికోత్సవానికి ప్రార్థనా గీతం నేర్పేదీ ఆయనే. మద్రాసులో సెయింట్ ఆండ్రూస్ కర్క్‌లో ఆర్గాన్ వాయించిన హాండెల్ మాన్యుయేల్ గారి పేరు రేడియో వల్ల, పత్రికల వల్ల నిలిచింది. మనలాంటి ఊళ్ళలో అదే పని చేసినవాళ్ళ పేర్లు సమాధి రాయి మీద తప్ప ఎక్కడా కనపడవు.

ఆయనలో లోపాలు లేవని నేను రాస్తే మీరే నవ్వుతారు. కోపం ఎక్కువ. జనం లాగిలాగి పాడుతుంటే ఆరాధన మధ్యలోనే వాయించడం ఆపేసి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్న సందర్భాలున్నాయి. అప్పుడు అయ్యగారి ముఖం చూడాల్సింది. కొత్త పాటలంటే మొండికేస్తారు. గిటార్ పట్టుకున్న పిల్లల్ని మొదట్లో నానా మాటలూ అన్నారు. డ్రమ్స్ అనే మాట వింటేనే చెవులు మూసుకునేవారు. యూత్ ఆయన మీద చేసిన ఫిర్యాదుల్లో చాలావరకు నిజం. కమిటీ సహనం పట్టిన రోజులూ ఉన్నాయి, అది మీ గొప్పతనమే.

కమిటీలకీ ఆర్గనిస్టులకీ పడకపోవడం ఈనాటిది కాదు లెండి. జర్మనీలో ఆర్న్‌ష్టాట్ అనే ఊళ్ళో ఇరవై ఏళ్ళ ఆర్గనిస్టు ఒకడు 1705లో నాలుగు వారాలు సెలవు పెట్టి, ల్యూబెక్‌లో ఉన్న బుక్స్‌టెహూడ అనే పెద్ద విద్వాంసుణ్ణి వినడానికి పోయి, అడిగినదానికి నాలుగింతలు ఉండి వచ్చాడు. సంఘ పెద్దలు పిలిచి నిలదీశారు. పాటల్లో వింత వింత స్వరాలు కలిపి జనాన్ని తికమక పెడుతున్నావన్నారు. పాటకి ముందు మరీ సాగదీసి వాయిస్తున్నాడని అంతకుముందు మందలిస్తే, ఆ తర్వాత మరీ కురచగా వాయించడం మొదలుపెట్టాడని కూడా రికార్డులో ఉంది. ఆ కుర్రాడి పేరు యోహాన్ సెబాస్టియన్ బాఖ్. మన మాస్టారు బాఖ్ అని కాదు నేననేది. మీరు మినిట్స్‌లో రాసే ప్రతి మాటా ఎన్నాళ్ళకైనా ఎవరో ఒకరు చదువుతారని చెబుతున్నాను, అంతే.

ఇక డబ్బు మాట. ఇది నాకు అందరికంటే ఎక్కువ ఇబ్బందిగా ఉంది, ఎందుకంటే ఇక్కడ నాకు మీ మీద ఎంత కోపం ఉందో మాస్టారి మీదా అంతే ఉంది. ఆయన నలభై ఏళ్ళు ఉచితంగా చేశారు. దాంతో మన సంఘానికి ఒక అలవాటు పడింది: సంగీతం ఊరికే వస్తుందని. కరెంటు బిల్లుకి పద్దు ఉంది, పెయింటింగ్‌కి పద్దు ఉంది, ప్రసంగానికి వచ్చే అతిథుల ప్రయాణ ఖర్చులకి పద్దు ఉంది, సంగీతానికి లేదు. ఆయన శిష్యుల్లో బాగా వాయించగలిగిన ఇద్దరు ముగ్గురు ఆ స్టూలు మీద ఎందుకు కూర్చోలేదు? వాళ్ళకి ఇల్లు గడవాలి. హైదరాబాద్‌లో ఒక్క పెళ్ళి ఆర్కెస్ట్రాలో వాయిస్తే వచ్చేది, ఇక్కడ ఏడాదంతా వాయించినా రాదు. సేవ అంటే ఉచితం అని మనం నిర్ణయించేసుకున్నాం. గవర్నమెంటు ఉద్యోగం ఉన్నవాడికే ఆ సేవ సాధ్యమైంది. అమెరికాలో ఆర్గనిస్టుల గిల్డ్ 1896 నుంచి ఉంది, చర్చి సంగీతకారులకి ఎంత ఇవ్వడం న్యాయమో సూచించే జీతాల పట్టికలు కూడా 2017 దాకా వేసేది. అంత అక్కర్లేదు. మీరు ఇప్పుడు బయట నుంచి పిలిపిస్తున్న కీబోర్డు అబ్బాయికి ఆదివారానికి ఇంత అని ఇస్తూనే ఉన్నారు కదా. అంటే డబ్బు లేక కాదు. మన పిల్లలకి ఇవ్వాలనే ఆలోచన రాక.

ఆ కీబోర్డు అబ్బాయి మీద నాకే కోపమూ లేదు. మంచి చెయ్యి. కీర్తనల పుస్తకం ఒకటి ఇచ్చి, వరసలు ఎవరినైనా అడిగి నేర్చుకోమంటే అతనూ సంతోషిస్తాడు. ఎవరూ చెప్పలేదు కాబట్టి యూట్యూబ్‌లో ఏది ముందు వస్తే అది పట్టుకుంటున్నాడు.

అందుకని మా పాత క్వయర్ వాళ్ళం అడిగేది ఇదీ. వార్షికోత్సవం రోజున శాలువా కప్పండి, వద్దనం, కానీ దానికి ముందు ఆయన పక్కన కూర్చోబెట్టడానికి ఒక మనిషిని నియమించండి. మన పిల్లల్లోనే ఒకరిని. ఎవరన్నది ఆయన్నే ఎంచుకోనివ్వండి, అమ్మాయైనా సరే. ఆ మనిషికి నెలనెలా గౌరవ వేతనం వచ్చేలా బడ్జెట్‌లో సంగీతం అని ఒక పద్దు తెరవండి. కనీసం రెండేళ్ళు ఇద్దరూ కలిసి వాయించాలి. ఈ పని చూసి నేర్చుకోవాల్సిందే, పుస్తకం ఇచ్చి నేర్చుకోమంటే రాదు. కీబోర్డు అబ్బాయి కూడా శనివారం ఐదింటికి వచ్చేలా మాట్లాడండి. గిటార్ వాళ్ళు, డ్రమ్స్ వాళ్ళు ఆదివారం రెండో ఆరాధన తీసుకోనివ్వండి. మొదటి ఆరాధనలో కీర్తనలు పాత వరసల్లోనే ఉండనివ్వండి. మాస్టారు దానికి ఒప్పుకుంటారా అంటే, రెండు రోజులు అలిగి ఒప్పుకుంటారు. ఆయన్ని మేం ఎరుగుదుం.

గది విషయంలో మాత్రం రాజీ కుదరదు. మీడియా సామాన్లు పెట్టుకోవడానికి బాల్కనీ కింద స్టోరు గది ఉంది. పాత కుర్చీలు తీసేస్తే సరిపోతుంది, కావాలంటే మేం వచ్చి సర్దుతాం. లెడ్జర్లన్నీ మంచి స్కానర్ మీద స్కాన్ చేయించి, ఒక కాపీ చర్చి బీరువాలో, ఒక కాపీ ఏదైనా థియలాజికల్ కాలేజీ లైబ్రరీలో ఉంచాలి. ఆయన ఓపిక ఉన్నప్పుడే ఒక్కో వరస ఆయన చేతే వాయించి, పాడించి రికార్డు చేయాలి. మీ కొత్త కెమెరాలకి, మైకులకి ఇంతకంటే మంచి పని ఏముంటుంది? ఎల్ఈడీ తెర కొనొద్దని మేం అనడం లేదు. దాని మీద కీర్తన సాహిత్యంతో పాటు స్వరాలు కూడా వేయొచ్చు, ఎవరైనా టైప్ చేసి ఇస్తే. టైప్ చేసి ఇవ్వడానికి డల్లాస్ అమ్మాయి సిద్ధంగా ఉంది. ఆర్గాన్‌కి తిత్తులు వేయించే ఖర్చు పాత క్వయర్ వాళ్ళం మేం పెట్టుకుంటాం. మీరు చేయాల్సిందల్లా దాన్ని ఆ జాబితాలోంచి కొట్టేయడం.

జనరల్ బాడీ మీటింగుకి ముందే ఈ విషయం కమిటీ అజెండాలో పెట్టమని కోరుతున్నాం. పెడితే ఏ రోజు, ఎన్ని గంటలకో సెక్రటరీ గారు చెప్పాలి, హైదరాబాద్ నుంచి రావాల్సినవాళ్ళు ట్రైన్ టికెట్లు చూసుకోవాలి. పెట్టకపోతే అదీ చెప్పండి. మేం జనరల్ బాడీలోనే లేచి అడుగుతాం, అప్పుడు మళ్ళీ ముందుగా చెప్పలేదని మా మీద అనొద్దు.

ఈ ఉత్తరం సంగతి మాస్టారికి తెలీదు. తెలిస్తే నాకు ఫోన్ చేసి తిడతారు. మీలో ఎవరైనా ఆయనకి చూపిస్తే, దయచేసి ముందు వాళ్ళావిడకి చూపించండి.

వందనాలతో,
పాత క్వయర్‌లో టెనర్ పాడినవాడు